చీర అంచు మీద ఊరి పేరు

అరవై ఎనిమిదిలో నా కూతురు ప్రభావతికి శ్రీకాకుళంలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. హాస్టల్లో అందరి బట్టలూ ఒకే చాకలికి వేస్తారని విని, కొండ కింద నల్లజీడి గింజలు ఏరుకొచ్చాను. ఆ రసంతో గుర్తు పెడితే ఎన్ని ఉతుకులకైనా పోదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతాయని చేతులకు కొబ్బరినూనె దట్టంగా పూసుకున్నాను.

గింజలో సూది గుచ్చి, ప్రభ కొత్త తెల్లచీర అంచు మీద ‘హరిశ్చంద్రపురం’ అని రాసి పైన సున్నం అద్దాను. అక్షరాలు నల్లగా తేలాయి.

“ఇదేటమ్మా! సుక్క పెట్టమంటే ఊరంతా రాసేసినావు. ఇది సీరా, పోస్టు కార్డా?” అని ప్రభ పకపకా నవ్వింది.

“మరి సీర మారిపోతేనో?”

“సాకలికి సుక్క సాలదేటి?”

రైలు వంశధార వంతెన దాటేటప్పుడు ఏదైనా జరిగితే పిల్లను ఏ ఊరు చేర్చాలో చూసినవాళ్లకు తెలియాలని నా భయం. ఆ మాట నోటితో ఎలా అనను?

ప్రభ నా మొహం చూసి నవ్వు ఆపేసింది. తనూ చేతులకు నూనె రాసుకుని సూది అందుకుంది.

“ఊరి పేరొక్కటే ఉంటే ఎవులింటికి తెత్తారే?” అంటూ పక్కనే నా పేరు చేర్చి ‘తవిటమ్మ కూతురు’ అని గుండ్రంగా రాసింది. “సున్నం ఇలాగియ్యి. ఈ సీర కట్టుకునే రైలెక్కుతాను.”