సంచుల సీటు

ప్రయాణం అనగానే ఆమె మొదట చేసే పని కవర్లు ఊది చూడటం. ప్లాస్టిక్ కవరు మూతి గుప్పిట్లో బిగించి, గాలి ఊది, చెంప దగ్గర పెట్టుకుని నొక్కుతుంది. చెంపకి గాలి తగిలితే చిల్లు ఉన్నట్టు. చిల్లున్నవి చెత్తబుట్టలోకి, లేనివి మడతపెట్టి చేతిసంచిలోకి. ఈ పని ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బండిలో కవరులోకి చేసుకున్న వాంతి ఒళ్ళో కారాక తనే నేర్చుకుంది.

"మొదలెట్టావా బూరలు ఊదడం?" అన్నాడు భర్త, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ. "రేపు చెల్లెలింటికి పోవడానికే ఇంత హడావుడి. నువ్వు రోజూ కొండ దాటి ఉద్యోగం చేస్తావా? మూడో మలుపుకే కవరో అంటావు."

ఆమె ఇంకో కవరు ఊదింది.

ఉద్యోగం సంగతి ఇది. ఆమె బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. షాపు వాళ్ళు కొండకి అవతలి ఊళ్ళో ఇంకోటి తెరుస్తున్నారు. "అక్కడ కటింగ్ అంతా నీ చేతిలో పెడతాను. రోజూ బస్సులో వెళ్ళి రావాలి. ఆలోచించుకుని సోమవారం చెప్పు" అంది షాపు మేడమ్. కత్తెర చేతికి రావడమంటే ఆ పనిలో చిన్న విషయం కాదు. ఇన్నేళ్ళూ ఆమె ఇంకొకరు కత్తిరించిన గుడ్డకి గుండీలు కుట్టింది, అంచులు మడిచింది. ఇంట్లో చెప్తే ఎవరూ వద్దనలేదు. నవ్వారు. వద్దంటే ఎందుకు వద్దని అడగొచ్చు. నవ్వేవాళ్ళని ఏం అడుగుతాం?

ఆ నవ్వు పాతదే. ఆడపడుచు ఆమెకి కవరొదిన అని పేరు పెట్టింది. ఆడపడుచుది కూడా కొండ అవతలి ఊరే. వెళ్ళిన ప్రతిసారీ గేటు దగ్గరే అడుగుతుంది, "ఏం కవరొదినా, ఈసారి ఎన్ని?" అని. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, మూతి కట్టిన కవరు చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక. దారిలో బండి ఆపడం భర్తకి నచ్చదు. ఘాట్ రోడ్డు మీద ఊపు పోతుందంటాడు. అందుకని ఆ కవరు ఆమె ఒళ్ళోనే ప్రయాణం చేస్తుంది. మొదట వెచ్చగా ఉంటుంది. ఊరొచ్చేసరికి చల్లబడుతుంది.

కారులో ముందు సీటు అత్తగారిది. వెనక ఆమె, కూతురు, సంచులు. డిక్కీ ఉంది, కానీ సంచులు చేతికి అందేలా ఉండాలంటారు. నీళ్ళ సీసాలు, పళ్ళు, బిస్కెట్లు, అత్తగారి మందుల డబ్బా, శాలువా, ఫోన్ల ఛార్జర్లు. బండి కదలగానే భర్త చెయ్యి వెనక్కి వస్తుంది. తల తిప్పడు, ఏం కావాలో కూడా పూర్తిగా చెప్పడు. చెయ్యి చాస్తే అందులో ఏదో ఒకటి పడుతుంది. అత్తగారికి పండు వలిచి, గింజలు తీసి ఇవ్వాలి. మధ్యలో కూతురి పెన్సిలు కాళ్ళ సందులో పడుతుంది. ఆమె ప్రయాణమంతా వంగి సంచుల్లోకి చూస్తూనే ఉంటుంది. ఆ కొండ దారిలో వాగు ఉందని, వాగు మీద పాత వంతెన ఉందని ఇన్నేళ్ళలో ఆమెకి తెలియదు. చప్పుడు మాత్రం తెలుసు.

వైద్యాలకేం కరువు లేదు. నిమ్మకాయ వాసన చూడమని ఒకరు, అల్లం ముక్క నమలమని ఇంకొకరు. "పొట్ట ఖాళీగా ఉంచుకో, లోపల ఏమీ లేకపోతే ఏం బయటికొస్తుంది?" అంటాడు భర్త. అది మటుకు కష్టపడకుండానే జరిగేది. అందరికీ పెట్టి, అంట్లు కడిగి, ఇంటికి తాళం వేసేలోపు ఆమెకి తినే తీరిక ఉండేది కాదు. అత్తగారిది ఒకటే మాట. "నాకూ ఉండేవే తల్లీ. మీ మామయ్యగారు పోయాక అవీ పోయాయి. మన ఇంటి ఆడవాళ్ళకి వయసు మళ్ళితే అవే ఆగిపోతాయి. ఓపిక పట్టు."

మొన్న బుధవారం షాపు మేడమ్ కొత్త షాపు కొలతలు చూసి రమ్మంది. బస్సులో ఆమె మొదటిసారి ఒంటరిగా కొండెక్కింది. ఎవరికీ వడ్డించే పని లేదు కనుక బస్టాండులో నాలుగు బిస్కెట్లు తింది. బస్సులో ముందు సీటు ఒక్కటే ఖాళీగా ఉంది, ఎండ పడుతోందని ఎవరూ కూర్చోలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కవరు చేతిలో సిద్ధంగా పట్టుకుని, ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చుంది. మూడో మలుపొచ్చింది. వస్తానని చెప్పి రాని చుట్టం కోసం చూసినట్టు వాంతి కోసం చూసింది. రాలేదు. వాగు కనిపించింది. వంతెన కనిపించింది. అది ఇంత చిన్నదా అనుకుంది.

కుట్టుపనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పనికిరాని ముక్క మీద కత్తిరించి చూసుకున్నాకే మంచి గుడ్డ మీద కత్తెర పెట్టాలి. అందుకని తిరుగు ప్రయాణంలో ఆమె కావాలనే వెనక సీటులో కూర్చుంది. కిటికీ మూసింది. సంచిలోంచి గౌను తీసి, తల వంచి అంచు కుట్టడం మొదలుపెట్టింది. రెండు మలుపులు తిరిగేసరికి నోట్లో నీళ్ళూరాయి, నుదురు చెమర్చింది. వచ్చేసింది చుట్టం. అప్పుడు సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. కిటికీ తెరిచింది. తల సీటుకి ఆనించి, కదలకుండా ఉన్న దూరపు కొండ అంచు మీద చూపు పెట్టి, నెమ్మదిగా గాలి పీల్చి వదిలింది. కాసేపటికి లోపల తిరుగుతున్నది సద్దుమణిగింది. ఆమె మళ్ళీ సూది పట్టింది. మళ్ళీ వచ్చింది. వదిలింది. తగ్గింది. చాలు, తెలిసింది.

అప్పుడే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆమె కొత్తకోడలుగా ఉన్నప్పుడు కారులో ముందు సీటు మామగారిది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో సంచులు. ఇద్దరి చేతుల్లోనూ కవర్లు ఉండేవి. మామగారు పోయారు, అత్తగారు ముందుకి మారారు, అత్తగారి వాంతులు ఆగాయి. వయసు అనుకున్నారు అందరూ. ఆమె కూడా అలాగే అనుకుని, వయసెప్పుడు మళ్ళుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. ఒక మనిషి త్వరగా ముసలిది కావాలని కోరుకుందంటే ఆ కారు వల్లే.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే మళ్ళీ నవ్వుతారు.

ఆదివారం పొద్దున అంట్లు సింకులో వదిలేసి కూర్చుని కాస్త తింది. అత్తగారు వింతగా చూసింది. బండి కదిలింది. ఆమె కిటికీ దించి, తల సీటుకి ఆనించి, దూరంగా చూడటం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటగానే భర్త చెయ్యి వెనక్కి వచ్చింది.

"నీళ్ళు."

"నేను దూరంగా చూస్తున్నాను. ఇప్పుడు వంగలేను."

"ఏం చూస్తున్నావ్?"

"కొండ అంచు."

"అది ఎక్కడికీ పారిపోదులే. సీసా ఇవ్వవే."

"పారిపోదనే చూస్తున్నాను."

అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. భర్త చెయ్యి గాల్లో అలాగే ఉంది. "చిట్టీ, మీ అమ్మకి దొరతనం వచ్చింది. నువ్వియ్యమ్మా" అన్నాడు. కూతురు వంగి సీసా వెతికి ఇచ్చింది. తర్వాత నానమ్మకి మందుల డబ్బా తీసింది. తర్వాత పండు వలిచింది. పన్నెండేళ్ళది, ఇంతవరకూ ఏ బండిలోనూ వాంతి చేసుకోలేదు. "నా కూతురిది నా పోలికే, ఇనప పొట్ట" అని వాళ్ళ నాన్న చెప్పుకునేవాడు.

మూడో మలుపు దగ్గర సన్నటి గొంతు వినిపించింది. "అమ్మా, కవరు."

ఆమె తిరిగి చూసింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది. ఒళ్ళో సగం వలిచిన పండు. కాళ్ళ మీద తెరిచిన సంచి.

"బండి ఆపండి."

"ఇక్కడ ఆపితే మళ్ళీ ఊపు..."

"ఆపండి."

ఆమె గొంతు పెరగలేదు. అందుకే కాబోలు, బండి ఆగింది.

పిల్లని దింపి, రోడ్డు పక్క రాయి మీద కూర్చోబెట్టింది. "కవరు వద్దు. అదిగో, ఆ కొండ పైన చెట్టు చూడు. దాన్నే చూడు. నెమ్మదిగా గాలి పీల్చు. వదులు." చల్లగాలి వీస్తోంది. పిల్ల మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "తగ్గుతోందమ్మా" అంది.

ముందు సీటులో అత్తగారు బెల్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఎవరూ ఏమీ అడగకముందే అంది, "నేను మటుకు వెనక్కి రానే. నాకు మళ్ళీ మొదలవుతాయి."

ఆమె అత్తగారి వైపు కాసేపు చూసింది. అయితే ఈవిడకి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. ఆ చేతులు చూస్తే కోపం రాలేదు. సీటు దక్కించుకున్నవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి.

"మిమ్మల్ని ఎవరూ లెమ్మనలేదు అత్తయ్యా. సంచులు దిగుతాయి."

డిక్కీ తెరిచింది. సీసాలు, పళ్ళు, డబ్బా, శాలువా, ఛార్జర్లు, మడతపెట్టిన కవర్లు అన్నీ ఒక్కొక్కటే తీసుకెళ్ళి పెట్టింది. భర్త దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"దారిలో దాహం వేస్తే?"

"బండి ఆపి తాగుదాం."

"ఇవాళేమైంది నీకు?"

"రేపు మేడమ్‌కి వస్తానని చెప్తున్నాను. ఆ ఊరికి రోజూ ఈ దారినే వెళ్తాను."

అతను నవ్వబోయాడు. "మరి వాంతులో?"

"అవి నావి కావు" అంది ఆమె డిక్కీ మూస్తూ. "ఈ సంచులవి."

బండి కదిలింది. వెనక సీటు ఇంత వెడల్పని పిల్లకి ఇప్పుడే తెలిసినట్టుంది, కాళ్ళు చాపుకుంది. ఇద్దరూ కొండ అంచు చూస్తున్నారు. నాలుగు మలుపులు దాటాక, అలవాటుగా, భర్త చెయ్యి వెనక్కి వచ్చింది, తల తిప్పకుండానే. అరచెయ్యి తెరిచి ఉంది. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి వంతెన చూస్తోంది.

చేతిలో ఏమీ పడలేదు. అది కాసేపు గాల్లో ఉండి, తిరిగి ముందుకి వెళ్ళి స్టీరింగు పట్టుకుంది.