పదకొండో పాట

ఆధార్ కార్డు లామినేషన్ యంత్రంలోకి వంకరగా పోయి మధ్యలో ఇరుక్కుంది. పొద్దుటి నుంచి నిస్సార్ ఇలా పాడుచేసిన వాటిలో ఇది మూడోది. పదకొండేళ్లుగా సిద్దిపేట కోర్టు పక్కన ఆ జిరాక్స్ దుకాణంలో నిలబడి పనిచేస్తున్న మనిషి, కళ్లు మూసుకుని కూడా కార్డు తిన్నగా పెట్టగలడు. ఇవాళ మాత్రం వేళ్లు మాట వినడం లేదు.

భయం. ఇంకో పేరు పెట్టి దాచేదేమీ లేదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చి, మనవరాలిని ఎత్తుకుని తిరిగే మనిషికి ఒక పాట తలుచుకుంటే నోరు ఎండిపోతోంది.

మధ్యాహ్నం అతను కర్ణాకర్ ఇంటికి పోవాలి. చేర్యాల బస్సులో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసిన కర్ణాకర్‌కు కాలేయం చెడింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. ఆయన కోరింది ఒక్కటే. తమ బ్యాండు ఏడు ఆల్బంలనూ రోజుకొకటి మళ్లీ విని, నచ్చిన వరసలో ఏది మొదటిదో ఏది ఆఖరిదో తేల్చేయాలి. కూతురు లిడియా అన్నీ ఫోనులోకి ఎక్కించింది. ఆరు అయిపోయాయి. ఇవాళ మట్టిరంగు అట్టది.

తమ బ్యాండు అంటే వాళ్లిద్దరిదీ కాదు, ఎక్కడో ఇంగ్లండులో నలుగురు బక్క మనుషులది. ముప్పై రెండేళ్ల కింద నిస్సార్ ఒక రికార్డింగ్ సెంటర్లో క్యాసెట్లు నింపేవాడు. అన్న మతీన్ దుబాయి నుంచి ఏడు క్యాసెట్లు తెచ్చి, ఈ రకం పాటల్ని పోస్ట్ పంక్ అంటారనీ, న్యూ వేవ్ అని కూడా అంటారనీ చెప్పి పోయాడు. ఖాళీ గదిలో ఎవరినో తిడుతున్నట్టు ఆ పాటగాడి గొంతు. సిద్దిపేట మొత్తంలో అది నచ్చిన రెండో మనిషి కర్ణాకర్. పేర్లు నోరు తిరగక ఇద్దరూ అట్టల రంగులతో పిలుచుకున్నారు. నిస్సార్‌కు నల్లది మొదటిది. కర్ణాకర్‌కు ఎప్పుడూ మట్టిరంగుదే; బూడిదరంగుది ఎప్పుడూ ఏడోది. ఈ వరస మీద ఇద్దరూ తిట్టుకోని ఆదివారం లేదు.

కర్ణాకర్ మట్టిరంగుదాన్ని నెత్తిన పెట్టుకున్నది దాని ఆఖరి పాట కోసం. అట్ట మీద పది పాటల పేర్లే ఉంటాయి. పదకొండోది పేరు లేకుండా వస్తుంది. భార్య పోయిన ఏడాది ఆయన్ని మంచంలోంచి లేపి డ్యూటీకి పంపింది ఆ పాటే.

ఆ పాట అసలు ఆల్బంలో లేదు; ఇవాళ ఫోనులో రాదు. రికార్డింగ్ సెంటర్లో రీలు ఖాళీగా వదలకూడదు, గిరాకి తిరిగొచ్చి కొట్లాడతాడు. కర్ణాకర్‌కు నింపిన క్యాసెట్లో మిగిలిన నాలుగు నిమిషాల్లో బూడిదరంగుదాని చివరి పాట తెచ్చి నింపింది నిస్సారే. ఆయనకిచ్చిన బూడిదరంగు క్యాసెట్లో ఆ పాట పట్టలేదు. పేరు లేదేమని కర్ణాకర్ అడిగిన రోజు, పెద్ద బ్యాండ్లు అట్లనే దాస్తయని గొప్పకు చెప్పాడు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి ముప్పై రెండేళ్లు చాలలేదు.

ఫోనులో బూడిదరంగుది మొత్తం కర్ణాకర్ ఇంట్లో నిన్ననే పెట్టారు. సగంలో బాపు కళ్లు మూసుకున్నాడనీ, చివరిదాకా విన్నాడో లేదో తెలియదనీ లిడియా ఫోనులో చెప్పింది. నిస్సార్ ఆశంతా ఆ నిద్ర మీదే ఉంది.

రెండింటికి వెళ్లాడు. కర్ణాకర్ మంచంలో దుప్పటికింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. చెవిలో పెట్టుకునే తీగ ఒకటి తను పెట్టుకుని, రెండోది నిస్సార్‌కు ఇప్పించాడు.

"ఆఖరిదాక కూసో, నిస్సార్ భాయ్. నడుమల లేవకు" అన్నాడు.

పాటలు మొదలయ్యాయి. కర్ణాకర్ వేలు మంచం పట్టె మీద డప్పు కొడుతోంది. నిస్సార్‌కు పాటలు వినపడటం లేదు, లెక్కే. ఆరు. ఏడు. లేచి పారిపోదామనిపించింది. ఎనిమిది. చొక్కా వీపుకు అంటుకుంది. పదోది అయిపోయింది. చెవిలో ఏమీ లేదు. తల ఎత్తలేకపోయాడు.

"అన్నా, గా పాట గీండ్ల లేదు. నేనే నింపిన. నీకు అబద్ధం చెప్పిన."

జవాబు రాలేదు. కోపమనుకున్నాడు. కాసేపటికి చూస్తే పట్టె మీద వేలు కదలడం లేదు. అది ఎన్నో పాటకు ఆగిందో అతనికి తెలియదు.

లిడియా వచ్చి తండ్రి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, అక్కడే కింద కూర్చుంది. నిస్సార్ చెవిలోని తీగ తీయలేదు. తన మాట కర్ణాకర్‌కు చేరిందా లేదా అన్న భయం పోలేదు.

చాలాసేపటికి లిడియా దిండుకింద నుంచి స్కానింగు కవరు ఒకటి తీసి ఇచ్చింది.

"పొద్దుగాల వరస నాతోని రాయించిండు, కాకా. ఇంకోటి ఇనలే కద బాపూ అంటే, గది ఇనేది లేదు, నాకెరుకే అన్నడు. నువ్వు వచ్చినంక నీకియ్యమన్నడు."

ఒకటి అన్న చోట ఇట్లా ఉంది: మట్టిరంగుది. బయట దొరికేది కాదు, నిస్సార్ భాయ్ నింపింది.

నిస్సార్ ఏడ్చాడు. ఏడ్చి, తడిసిపోతుందని కవరును మంచం మీద పెట్టాడు. దాని మీద అన్నిటికన్నా కింద బూడిదరంగుది అని ఉంది. పక్కనున్న ఏడు అంకె కొట్టేసి, లిడియాది కాని వణుకు చేతితో వేసిన రెండు అంకె ఉంది.