మలుపమ్మ

మా బావ ఎడ్విన్ మీద సినిమా తీస్తామని జీపులో మనుషులు వచ్చిన రోజు ఆయన తలుపు గడియ పెట్టుకున్నాడు. నేను గడప బయట కూర్చున్నాను. మా ఇద్దరికీ అది అలవాటే. ఆయన లోపల, నేను బయట, మధ్యలో మాట లేకుండా పొద్దు గూకుతుంది.

ఎడ్విన్ మా చెల్లెలు సుకుమారి మొగుడు. మాది మర్రిపాడు దాటాక బద్వేలు రోడ్డు పక్కన చిన్న పాలెం. అంతా మెట్ట. వాన పడితే పంట, పడకపోతే మేకలు. నాట్ల కాలంలో ఆడవాళ్లు నెల్లూరు బస్సెక్కి సంగం కాలువ కిందికి కూలికి పోయేవాళ్లు. బావ మాత్రం వయసులో ఉన్నప్పటి నుంచీ ఉదయగిరిలో మేస్త్రీల దగ్గర సిమెంటు కలిపేవాడు. సుకుమారి చనిపోయినప్పుడు సమాధి తానే కట్టాడు. కట్టాక అర మూట సిమెంటు మిగిలింది. ముసురు పట్టింది. గడ్డ కట్టి పోతుందని ఆ అర మూటతో ఒక మేకను చేశాడు. అదీ మొదలు.

ఆ తరవాత ఆయన కూలికి పోయింది సిమెంటు కోసమే. తన చెలకలో ఎద్దులు పెట్టాడు. బస్సు పెట్టాడు, దాని మెట్టు మీద వేలాడే కండక్టరుతో సహా. ఆత్మకూరులో జనార్దనయ్య పింగాణీ సామాను కొట్లో పగిలిపోయిన కప్పులూ సాసర్లూ తెచ్చి, వాటి ముక్కలతో రెక్కలు అతికించి ఒక పెద్ద పక్షిని చేశాడు. ఎవరూ నేర్పలేదు. ఎవరినీ అడగలేదు.

అన్నిటికన్నా ఆఖర్న, చెలక అంచున రోడ్డు మలుపు దగ్గర, మనిషంత ఎత్తు ఆడబొమ్మను నిలబెట్టాడు. మొహాలు చేయడం ఆయనకు రాదు. చట్టి మూతలాగా గుండ్రంగా వచ్చింది. కళ్లకు రెండు సాసర్లు. ఎవరో ఏమో తెలియలేదు.

"ఎవరు బావా?" అని అడిగాను.

"చూడు" అన్నాడు.

చూశాను. తెలియలేదు. మళ్లీ అడగలేదు.

అప్పుడే ఒక లారీకి ఆ మలుపులో బ్రేకులు పోయాయి. బొమ్మకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు దిగి, బొమ్మ కాళ్ల మీద పడి, మర్నాడు తిరుగు దారిలో టెంకాయ కొట్టి పోయాడు. ఇక చూసుకోండి. పోయే లారీ, వచ్చే లారీ. పసుపు, కుంకుమ, గాజులు. మలుపమ్మ తల్లి అని పేరు కూడా పెట్టేశారు.

మాది బాప్టిస్టు చర్చి. తాతల నాటి నుంచీ ఉంది. చర్చి పెద్ద జయపాల్, రిటైరైన హెడ్మాస్టరు, బావను అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

"ఏంది ఎడ్వీనూ ఇది? చెక్కిన ప్రతిమల సంగతి పదాజ్ఞల్లో ఏమని ఉండాది? పసిబిడ్డలకు తెలుసు, నీకు తెలీదా?"

బావ నేల చూశాడు.

"దాన్ని పగలగొట్టు. లేదంటే అది దేవత గాదు, ఫలానా అని ఇప్పుడే చెప్పు."

బావ ఒక్క మాట పలకలేదు. ఆ వేళ నుంచి ఆయన్ని ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే దానికి, దూరం పెట్టారు. ఆయన చర్చికి రావడం మానేశాడు. తరవాత పాలెంలోకి రావడం కూడా మానేశాడు. ఉప్పూ పప్పూ నేనే తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి.

చర్చిలో లేనివాళ్లకు సమాధుల తోటలో చోటు ఉండదు. సుకుమారి సమాధి కట్టిన రోజే బావ దాని పక్కన తన కొలతకు చోటు వదిలి నాలుగు రాళ్లు పాతుకున్నాడు. ఇప్పుడు ఆయనకు దగ్గు ఎక్కువైంది. ఆత్మకూరు ఆస్పత్రి మందులు ఒక పూట పని చేస్తే ఒక పూట చేయవు. ఒక సాయంత్రం ఎండుకంప విరుస్తూ, "బావా, ఆ చోటు..." అని ఆగిపోయాడు. ఆయన నన్ను అడిగింది జన్మలో అదొక్కటే.

జయపాల్ ఇంటికి పోయాను.

"ఒక్క మాట మాలకొండా! నోరు తెరిచి ఒక్క మాట చెప్పమను. నాకేమన్నా వాడి మీద పగా? రేపు పొరుగూరోళ్లు, మీరు మలుపమ్మ భక్తుణ్ణి పూడ్చి ప్రార్థన చేసినారంట గదా అని నవ్వరా?"

ఆ మాటే పోయి బావకు చెప్పాను. ఆయన దగ్గి, ఉమ్మేసి, "చూసినా తెలీనోళ్లకి చెప్తే తెలుస్తాదా?" అన్నాడు.

అదిగో, అట్లాంటి రోజుల్లో జీపు వచ్చింది.

దిగినతను మోహన్‌కృష్ణ. ఆత్మకూరు జనార్దనయ్య కొడుకే. హైదరాబాదులో ఉంటూ టీవీకి ఇట్లాంటి నిజం సినిమాలు తీస్తాడట. తలుపు కొట్టాడు. నన్ను చూసి, "ఉండాడా తాతా లోపల?" అన్నాడు. ఉన్నాడని తల ఊపాను. అతను జీపులోంచి ఒక గోతాం మోసుకొచ్చి గడప ముందు కుమ్మరించాడు. గలగలమని చప్పుడు.

"ఎడ్విన్ తాతా, నేను జనార్దనయ్య కొడుకుని. పగిలిన సాసర్లు తెచ్చినా. నీలం పువ్వులవి కూడా ఉండాయి."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

రెండు రోజులు తీశారు. మోహన్‌కృష్ణ అడుగుతాడు, బావ సాసరు ముక్కలు ఏరుకుంటూ ఉంటాడు.

"ఇవన్నీ ఎందుకు చేసినావు తాతా?"

"సిమెంటు మిగిలింది."

"అది ఎప్పటి మాటో గదా. ఇప్పుడెందుకు చేస్తా ఉండావు?"

"ఇప్పుడూ మిగల్తా ఉండాది."

కెమెరా అబ్బాయి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. మలుపు దగ్గరికి తీసుకుపోయి, "ఈమె ఎవరు తాతా?" అని మోహన్‌కృష్ణ అడిగాడు. బావ కెమెరా వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూశాడు.

రెండో రోజు లారీ ఒకటి ఆగింది. క్లీనరు దిగి టెంకాయ కొట్టి, కాళ్లకు పసుపు పామి, కెమెరా చూసి జుట్టు సర్దుకున్నాడు. "అన్నా, నేను గూడా పడినానా? మా అమ్మకి చెప్పుకుంటాను." లారీ వెళ్లిపోయింది. అప్పుడు బావ ఇంట్లోకి పోయి బిందెతో నీళ్లు తెచ్చాడు. అక్కడ పడి ఉన్న టెంకాయ పీచు తీసుకుని, బొమ్మ కాళ్ల దగ్గర చతికిలబడి రుద్దడం మొదలుపెట్టాడు. కాళ్ల మీద పసుపూ కుంకుమా ఏళ్ల తరబడి పేరుకుని అట్ట కట్టి ఉన్నాయి.

నా చేతికి తెల్లటి అట్ట ఒకటి ఇచ్చి, ఎండ ఆయన మీద పడేటట్టు దూరంగా పట్టుకోమన్నారు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనపడలేదు. చాలాసేపు రుద్దాడు. రుద్ది, నీళ్లు పోసి, కెమెరాకు అడ్డం లేకుండా పక్కకు జరిగాడు. ఆ రెండు రోజుల్లో కెమెరాను పట్టించుకుని ఆయన చేసిన పని అదొక్కటే. అప్పుడు నేనేమీ అనుకోలేదు.

పోయేముందు మోహన్‌కృష్ణను పక్కకు పిలిచి చోటు సంగతి చెప్పాను. "అది దేవత గాదని సినిమాలో ఒక మాట ఎయ్యి నాయనా" అన్నాను.

"ఆయన చెప్పని మాట నేనెట్టా చెప్పేది తాతా? ఒక పని చేస్తా. టీవీలో వచ్చేలోపల మీ పాలెంలో చూపిస్తా. మీ పెద్దలు చూసి ఏమన్నా అనుకోనీ."

చలి మొదలయ్యాక, ఒక ఆదివారం ఆరాధన కాగానే అతను వచ్చాడు. టీవీ, వీడియో డెక్కు వాళ్ల నాయన అంబాసిడర్లో తెచ్చి జయపాల్ వరండాలో పెట్టాడు. చర్చిని తిట్టి ఉంటాడేమోనని పెద్దలంతా ముందు వరసలో కూర్చున్నారు. జయపాల్ కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. పాస్టరు అయ్యగారు కుర్చీలో. ఆడవాళ్లు చాప మీద. నేను స్తంభం పక్కన. బావ రాలేదు.

"మనం టీవీలోకి పోయినామా, టీవీనే మన పాలెంలోకి వచ్చిందా?" అంది శీనమ్మ. సుకుమారి ఈడుది, ఆమె నోటికి జడవని మనిషి లేడు. "ఎడ్వీను మాట్టాడతాడంటనా ఇందులో? అట్టయితే టీవీనే పగులుతాది."

మేక వచ్చింది, ఎద్దులు వచ్చాయి. బస్సు మీద కండక్టరును చూసి పిల్లలు కేకలు వేశారు. "సిమెంటు మిగిలింది" అన్నప్పుడు అందరూ నవ్వారు. లారీ క్లీనరు టెంకాయ కొట్టగానే జయపాల్ వెనక్కి తిరిగి, "చూసినారా? నేను చెప్తే కానిమాట అన్నారు" అన్నాడు.

అప్పుడు బావ బిందె దించాడు. పీచుతో రుద్దాడు. పచ్చటి నీళ్లు కారాయి. ఆయన పక్కకు జరిగాడు. టీవీ నిండా రెండు సిమెంటు పాదాలు, వాటి పైన ఎత్తి దోపిన చీర అంచు. గోళ్ల చోట తెల్ల సాసరు ముక్కలు. కుడి పాదం చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా పక్కకు తిరిగి, విడిగా పడుకుని ఉంది.

"ఆపయ్యా!" శీనమ్మ చాప మీద నుంచి లేచింది. "ఆపు ఆ మిషను. ఎనక్కి తిప్పు."

మోహన్‌కృష్ణ తిప్పాడు. మళ్లీ పాదాలు వచ్చాయి.

"అది సుకుమారి కాలు! కాదన్నోడు నా ముందరికి రాండి! సంగం గట్ల మీద దాని ఎనకాలే గదా నేను నడిచింది. మొహం ఎవురు చూసినారు, కాళ్లే గదా నాకు కనపడేది. బురదలో దాని అడుగు పడితే పక్కన ఇంకో చిన్న గుంట పడేది."

"చీర చూడక్కా" అంది వెనక నుంచి ఇంకొకామె. "నాట్లకు పోయేటప్పుడు ఎత్తి దోపుకున్నట్టే ఉండాది."

"మలుపు కాడ ఎందుకు నిలబెట్టినాడు మరి? ఆడ నిలబడే గదా మనం నెల్లూరు బస్సుకి చెయ్యెత్తింది!"

చిన్నప్పుడు బండి చక్రం ఎక్కి ఆ వేలు అట్లా తిరిగింది. ఏడుస్తుంటే ఇంటి దాకా ఎత్తుకొచ్చింది నేనే. ఆ వేలు నా అరచేతిలో పెట్టుకుని ఊదిన వాణ్ణి. రోజూ ఉప్పూ పప్పూ పట్టుకుని ఆ బొమ్మ పక్క నుంచే పోయాను. వంగి చూడలేదు.

జయపాల్ కళ్లద్దాలు తీసి పంచెకు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"ఆ మాట నోటితో చెప్పి ఉంటే..."

"చెప్పినాడు గదయ్యా. మనం కాళ్ల దాకా చూడలా" అంది శీనమ్మ.

"లారీలోళ్లు టెంకాయలు కొడతానే ఉంటారు గదా మరి?"

"కొట్టుకోనీ. మీ అమ్మ ఫొటోకి ఎవుడన్నా పూలదండ ఏసిపోతే, నిన్ను చర్చిలోంచి తీసేస్తామా?"

వరండా అంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, నవ్వలేదన్నట్టు దగ్గారు. జయపాల్ నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, నన్ను వెతికి చూశాడు.

"మాలకొండా, ఆ చోటు వాడిదే. ఆ రాళ్ల జోలికి ఎవురూ పోరు. బల్ల సంగతి తరవాత మాట్టాడుకుందాం."

దాని మీద ఇంకా మాటలు నడిచాయి. నేను ఆగలేదు.

బావ గడపలో కూర్చుని నీలం పువ్వుల ముక్కలు ఒక పక్క, తెల్లవి ఒక పక్క పోసుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"చోటు ఉండాదన్నారు" అన్నాను.

తల ఊపాడు. ముక్కలు ఏరుకున్నాడు. ఎండ పక్షి రెక్క మీద నుంచి బస్సు మీదికి జరిగింది.

"కాలు బాగా కనపడిందా?" అన్నాడు.

"కనపడింది. శీనమ్మ పట్టింది ముందు."

"నువ్వు?"

"తరవాత."

మలుపు దగ్గర లారీ హారను మోగింది. టెంకాయ పగిలిన చప్పుడు వినపడింది. లారీ కదిలి పోయేదాకా ఆగి, బావ బిందె కోసం లోపలికి లేచాడు. ఆయన కన్నా ముందు నేను బిందె అందుకున్నాను. ఆయన వద్దనలేదు.

పీచు రెండుగా చీల్చి సగం నాకిచ్చాడు. ఎడమ కాలు ఆయన తీసుకున్నాడు. కుడికాలు నాకు వదిలిపెట్టాడు.