ఫ్లెక్సీలో నెబ్యులా

“బ్యాక్‌గ్రౌండ్ అదిరింది కదూ!” అంటూ మా ఆయన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. నేను గోంగూర ఒలుస్తున్నాను. పామర్రు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ అది. ఎరువుల వ్యాపారుల సంఘానికి కొత్త అధ్యక్షుడు దుర్గాప్రసాద్ గారు, అంటే మా ఆయనే, చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆయన తల వెనక నా నెబ్యులా, నక్షత్రాలు పుట్టే ధూళిమబ్బు. మధ్యలో గులాబీ, అంచున నీలం. నా పేరు ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది.

“చెప్పకుండా ఎలా వాడారండీ?”

“మనింట్లో ఫొటోనేగా! ఎవరు తీస్తే ఏంటి?”

“మొగుడి పేరుంటే నీ పేరున్నట్టు కాదటే?” అన్నారు మా అత్తగారు.

ఎవరు తీస్తే ఏంటట! టెలిస్కోపు కోసం పెరట్లో షెడ్డు వేయించింది నేను. పక్కకు జరిగే పైకప్పు కోసం ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ల చుట్టూ తిరిగి పట్టాలూ చక్రాలూ చేయించుకున్నది నేను. ఈ చలికాలమంతా అంట్లు తోమి, ఇడ్లీపిండి రుబ్బి, అప్పుడు వెళ్లి టెలిస్కోపు దగ్గర కూర్చునేదాన్ని. మంచుకి అద్దం చెమర్చినప్పుడల్లా హెయిర్ డ్రయ్యర్ పట్టేదాన్ని. “పిచ్చి ముదిరింది” అని నవ్విన మనిషి ఇప్పుడు ఊరందరితో “మేం తీశాం” అంటున్నాడు. ఆ ‘మేం’లో చాకిరీ ఎప్పుడూ నాది, పేరు ఆయనది.

ఆ రంగులు టెలిస్కోపులో చూపిస్తానని ఆదివారం సాయంత్రం సంఘం వాళ్లను కుటుంబాలతో పిలిచాడు. చీకటి పడ్డాక నాచేతే టెలిస్కోపు అటు తిప్పించి, బజ్జీలు వేయమని వంటింట్లోకి పంపాడు. కాసేపటికి సంఘం కార్యదర్శి శౌరయ్య గారి గొంతు వినిపించింది.

“రంగులేవండీ ప్రసాద్ గారూ? బూడిద రంగు పొగలా ఉందిగా!”

“సింధూరీ! ఇది పాడైనట్టుంది, ఓసారి రా!” అని మా ఆయన కేక.

వెళ్లి ఆయన పరువు కాపాడి మళ్లీ పొయ్యి దగ్గరికి రావచ్చు. ఇన్నాళ్లూ అలాగే వచ్చాను. స్టవ్ కట్టేశాను.

“పాడవలేదండీ,” అన్నాను శౌరయ్య గారితో. “మన కంటికి అంతే కనబడుతుంది. కెమెరాతో గంటల తరబడి వెలుగు పట్టి, ఫొటోలన్నీ కలిపితే రంగులొస్తాయి. ఆ ఫొటో నేను తీశాను. ఈయనకి ఈ సంగతి తెలియదు.”

మా ఆయన మొహం మాడిపోయింది.

“సర్లే, ముందు బజ్జీల సంగతి చూడు,” అన్నాడు గొంతు తగ్గించి.

“పిండి కలిపే ఉంది. మీరు వేయండి.”

వరండాలోనే ఆగిపోయిన ఆడవాళ్లను షెడ్డులోకి పిలిచాను. వాళ్లకు కాసిన్ని రంగులైనా చూపిద్దామని కెమెరా బిగించాను. షెడ్డులో ఉన్నది ఒక్కటే స్టూలు, దాని మీద మా ఆయన. ఆయన లేచేదాకా నిలబడి, దాని మీద నేను కూర్చున్నాను.