మెట్ల మీద జంపఖానా

తుంటి ఎముక విరిగిన మనిషి మెట్లెక్కి పై అంతస్తుకు రావాలట! అలా వస్తేనే ఫిర్యాదు తీసుకుంటారట!

ఆ మాట విని మౌనిక ఆఫీసు గుమ్మంలోనే నిలబడిపోయింది. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. ఎంతో ధైర్యం కూడగట్టుకుని వచ్చింది.

"లిఫ్టు ఖరాబైంది సార్. ఆపరేషన్ గది పైన, మా నాయనమ్మ కింద. రోజూ రేపు, రేపు అంటున్నరు. వీపంతా పుండ్లు పడుతున్నయి."

దవాఖాన అధికారి ఫోనులోంచి తలెత్తలేదు. "ఎన్నిసార్లు చెప్పాలి? అటెండెంట్ల మాటలు మేం వినం. పేషెంటే వచ్చి చెప్పాలి."

"ఎట్లొస్తది సార్? లిఫ్టు..."

"నెక్స్ట్!"

కింద ఎముకల వార్డులో ఈ సంగతి చెబుతుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. వార్డంతా భగ్గుమంది. అక్కడ అందరిదీ అదే గోస. డబ్బున్నవాళ్లు వేరే దవాఖానకు పోయారు. కూలీలు, హమాలీలు, పత్తి రైతులు మిగిలారు.

"సప్పుడు జెయ్యకుండ్రి," అన్నాడు తొర్రూరు రైతు సారంగపాణి, కాలు విరిగిన కొడుకు పక్కన కూర్చుని. "లొల్లి జేస్తే ఆపరేషన్ల లిస్టుల మన పేర్లు అడుక్కు పడ్తయి."

"ఇప్పుడేమన్న పైకున్నయా పెద్దమనిషీ?" అంది సోమక్క. ఆమె భర్త హమాలీ, ఆ పక్క మంచం మీదే ఉన్నాడు. "మొన్న నువ్వు పోయినవు. నిన్న నేను పోయిన. ఇయ్యాల ఈ పోరి. ఒక్కొక్కలం పోతె ఒక్కొక్కలనే ఎల్లగొడ్తాండ్రు. ఇగ పోవుడే వద్దు. అందరం మెట్ల మీద కూసుందాం. ఆయనెట్ల పైకి పోతడో సూద్దాం."

"ఆ బండల మీద కూసుంటె నాకు నడుం పట్టుకుంటది," సారంగపాణి సణిగాడు.

"మా ఇంట్ల జంపఖానా ఉంది తాతా," అంది మౌనిక మెల్లగా.

చర్చి కూటాల కోసం నేతగాళ్ల పేట కొత్తవాడలో నాయనమ్మ దీనమ్మ తన చేతులతో నేసిన పొడుగాటి జంపఖానా అది. తెల్లారి కింది మెట్టు నుంచి పైదాకా పరిచారు. డాక్టర్లకు, నర్సులకు ఓ పక్క దారి వదిలారు.

అధికారి వచ్చాడు. మెట్ల మీద ఎర్రని, నీలి చారలు చూసి ముఖం వెలిగింది.

"ఓహో, కార్పెట్ వేశారే! ఎవరైనా పెద్దసార్ వస్తున్నారా?"

"మా పెద్దసార్ మీరే గద!" అంటూ సోమక్క నడిమెట్టు మీద చతికిలబడింది. ఆ వెనకే వార్డులో రోగుల వెంట ఉన్నవాళ్లంతా కూర్చున్నారు. అధికారి దూరకుండా, పక్కన వదిలిన దారికి అడ్డంగా ఇద్దరు హమాలీలు నిలబడ్డారు. సారంగపాణి అటూ ఇటూ చూసి, అధికారి బూట్ల ముందే కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"లేవండి! పోలీసులను పిలుస్తా! చెప్పాను కదా, పేషెంటే..."

"పేషెంటే చెప్తది సార్!"

ఆ గొంతు తనదేనా అని మౌనికకే అనిపించింది. పరుగున పోయి, మెట్ల ఎదురుగా ఉన్న వార్డు తలుపులు బార్లా తెరిచింది.

"సారూ!" లోపలి నుంచి ముసలి గొంతు. "నేను దీనమ్మను! మెట్లెక్కలేను, ఇక్కడికెల్లే చెప్తాన! లిఫ్టు బాగు జేయించు!"

"నేను పవన్‌ను! తొర్రూరు!" ఇంకో మంచం పలికింది.

కొడుకు గొంతు విని సారంగపాణి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఒక్కో మంచమూ పేరు చెప్పుకుని అరుస్తూనే ఉంది.

అధికారి ఫోనులో పోలీసులను పిలుస్తూ లిఫ్టు దగ్గరికి నడిచాడు. బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అక్కడున్నవాళ్లంతా ఆ బటన్ నొక్కి నొక్కి విసిగినవాళ్లే. దీపం వెలగలేదు. బయట పోలీసు జీపు వచ్చి ఆగింది. ఒక్కరూ లేవలేదు.

సారంగపాణి అధికారి వైపు చూసి, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూసో సారూ. జంపఖానా పెద్దదే."