రెండు గంటలకొకసారి

"ఆ రబ్బరు షీటు పారేయొద్దు. నాయనకు పనికొస్తాది."

భర్త దావీదురాజు బండి తీస్తూ అన్న మాట అది. సలోమి చేతిలో ఉతికిన షీటు నీళ్లు కారుతోంది. అత్త రాహేలమ్మ పక్షవాతంతో మూడేళ్లు మంచంలో ఉండి, పోయి నలభై రోజులైంది. ఆమె పోయిన పదో నాడే మామ ఏసేపు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మంచంలోనే ఉన్నాడు. పనికొచ్చేది షీటు ఒక్కటే కాదని భర్త చెప్పలేదు. చెప్పే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

సలోమికి అత్త మీద బెంగ అంటే ఈ ఇంట్లో ఎవరూ నమ్మరు. పెళ్లయిన కొత్తలో రాహేలమ్మ నోటికి హద్దు ఉండేది కాదు. "బడిలో పాఠాలు చెప్తాదంట, సంగటి కెలకను చేతగాదు" అని వీధి వీధంతా చెప్పింది. తరువాత ఆ నోరు పడిపోయింది. ఎడమచెయ్యి మాత్రం మిగిలింది. సలోమి గదిలోకి రాగానే ఆ చెయ్యి మంచం అంచును రెండుసార్లు తట్టేది. కూర్చోమని. ఈ నలభై రోజుల్లో ఇంట్లో ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు.

అందుకేనేమో, పోయిన వారం యూనివర్సిటీలో "కూర్చోండమ్మా" అని కుర్చీ చూపిస్తే దాని అంచును ఒకసారి తడిమి కూర్చుంది. మనిషి సంరక్షణ, క్షేమం మీద పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూ. ఆ చదువు ఏ ఒక్క శాఖకూ చెందదు. నర్సింగు, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం, నాలుగు శాఖలవాళ్లూ కలిసి చెప్తారు. నలుగురూ వరసగా కూర్చున్నారు. ఆమె దరఖాస్తులో అనుభవం అన్నచోట సోషల్ టీచరు, పదకొండేళ్లు అని మాత్రమే ఉంది.

"తరువాత మూడేళ్లు?" అని నర్సింగు మేడం అడిగింది.

"ఏమీ చేయలేదు మేడం. జీతం లేని సెలవు. ఇంట్లో ఉన్నాను. అత్తమ్మ మంచంలో ఉండింది."

"పుండ్లు పడినాయా?"

"లేదు మేడం."

"మూడేళ్లలో ఒక్కటి కూడానా?"

మడమ ఎర్రబడినచోట వేలితో నొక్కి చూసేదాన్ననీ, తెల్లబడకపోతే ఆ పక్కన మళ్లీ పడుకోబెట్టేదాన్ని కాదనీ, రెండు గంటలకొకసారి పక్క మార్చేదాన్ననీ సలోమి చెప్పింది. మేడం పెన్ను కింద పెట్టి, తన పక్కవాళ్ల వైపు చూసింది. చివరన కూర్చున్న న్యాయశాస్త్రం సారు మెల్లగా అడిగాడు. "ఈ పని మీరు చేస్తారా అని మిమ్మల్ని ఎవరైనా అడిగినారా అమ్మా?"



నిన్న ఉత్తరం వచ్చింది. సోమవారం పది గంటలకు వెళ్లి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

సాయంత్రం ఇంట్లో రాహేలమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక. బేతంచెర్ల నుంచి ఆడబిడ్డ జెస్సీ వచ్చింది. ఉత్తరం సంగతి విని, వంటింట్లో టీ వడపోస్తున్న సలోమి పక్కన నిలబడి, "ఈ వయసులో చదువేంది వదినా? నాయన్ను ఎవరు చూస్తారు? నీకైతే అలవాటే కదా" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. పొద్దున్నే సూర్యుడొస్తాడు కదా అన్నట్టు ఉంది.

పాట అయ్యాక దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి దావీదురాజు లేచాడు. "మా అమ్మను మూడేండ్లు కంటికి రెప్పలా చూసుకున్నా. ఒంటిమీద ఒక్క పుండు పడనీలేదు. దేవునికి స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. ఇట్లాంటి కొడుకు ఇంటింటికీ ఉండాలన్నాడు పాస్టరుగారు. టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడిన సలోమి భర్త ముఖం చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి. అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. అబద్ధమైతే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

"ఇంకెవరన్నా సాక్ష్యం చెప్తారా?"

పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో ఏ కూడికలోనూ లేవని సలోమి పళ్లెం కింద పెట్టింది.

"అత్తమ్మకు పుండ్లు పడలేదు. రెండు గంటలకొకసారి ఆమె పక్క మార్చింది నేను. పగలూ, రాత్రీ. ఆమె పోయినాక ఈ ఇంట్లో నాకు తోడు లేదు. అంతే."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగించారు.

జనం వెళ్లగానే ఆమె మామ గదిలోకి పోయింది. పక్క మార్చే వేళయింది. దావీదురాజు వెనకే వచ్చాడు.

"నలుగురిలో నా పరువు తీస్తివే."

"సోమవారం నుంచి నేను యూనివర్సిటీకి పోతాండా. పగలు మామను మీరే చూసుకోవల్ల. ఇట్లా రండి. భుజం కింద ఒక చెయ్యి పెట్టండి, నడుం కింద ఇంకొకటి."

ఏసేపు కళ్లు తెరిచి కొడుకు వైపు చూశాడు. దావీదురాజు తన చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"నాకు చేతగాదు ఇది" అన్నాడు.

"నాకూ చేతనయ్యేది కాదు" అంది సలోమి.