గేటు సంగతి ప్రభువుకు తెలుసు

బుధవారం ప్రార్థన కూటానికి జనం తగ్గిపోతున్నారని ఎక్కడైనా పాస్టర్లు తల పట్టుకుంటారు. ఆ ఊళ్ళో మాత్రం, పెరిగిపోతున్నారని పట్టుకోవలసి వచ్చింది. మూడేళ్ళ క్రితం చర్చి కింది గదిలో ఏడుగురు కూర్చుని, జబ్బున పడ్డవాళ్ళ పేర్లు చెప్పుకుని, వానలు అడిగి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఇరవై ఇద్దరు. సారా బర్గెన్ మామ్మ అయితే జ్వరంతో కూడా వచ్చేది. అదంతా ఆమె భక్తే అనుకుంటే పొరపాటు.

వాళ్ళందరూ వచ్చేది లోవెన్ అన్నదమ్ముల కోసం.

కార్నీ లోవెన్‌కు డెబ్బై నాలుగు, తమ్ముడు ఏబ్‌కు డెబ్బై ఒకటి. రెండు పొలాలకూ మధ్య ఒకటే కంచె, ఆ కంచెకు ఒకటే గేటు. మూడేళ్ళ క్రితం ఆగస్టులో ఏబ్ ఆవులు పదకొండూ ఆ గేటు దాటి, కార్నీ పుచ్చతోటలో రాత్రంతా విందు చేసుకున్నాయి. అవి చర్చి పంటల పండుగ కోసం పెంచిన పుచ్చకాయలు. తెల్లారేసరికి తొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. గేటు నేను వేశానంటే వేశానన్నాడు ఏబ్. మరి ఆవులు ఎగిరి దూకాయా అన్నాడు కార్నీ. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవు అంటే, ఒకరితో ఒకరికి లేవు. దేవుడితో ఇద్దరికీ ఉన్నాయి. ప్రార్థనలో ఉన్న మనిషికి అడ్డు తగలకూడదన్నది మెనోనైట్లలో, అంటే ఆ ఊరి క్రైస్తవ శాఖవాళ్ళలో, తాతల నాటి మర్యాద. ఎవరేమన్నా కళ్ళు మూసుకుని వినాల్సిందే. దేవుడి భుజంమీద తుపాకి పెట్టి కాల్చడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

"కృపగల తండ్రీ," అని మొదలుపెట్టేవాడు కార్నీ, గొంతులో తేనె పోసుకుని. "కొంతమంది ఇళ్ళల్లో పశువులకున్న తెలివి మనుషులకు లేదు. గేటు తెరిచుందని ఆవులు కనిపెట్టాయి గానీ యజమాని కనిపెట్టలేకపోయాడు. ఆ యజమానిని క్షమించు తండ్రీ. ఆవుల్ని నేనెప్పుడో క్షమించేశాను."

గదికి ఆ చివరనుంచి ఏబ్ అందుకునేవాడు.

"సర్వం తెలిసిన దేవా! ఆ గేటుకు గొలుసు తగిలించిన చెయ్యి ఎవరిదో నీకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి? పుచ్చకాయల మీద అంత మమకారం పెంచుకున్న సహోదరుణ్ణి ఈ లోకాశలనుంచి విడిపించు ప్రభువా. డెబ్బై దాటాయి ఆయనకు, ఇంకెప్పుడు?"

బర్గెన్ మామ్మ భుజాలు నవ్వుతో అదిరేవి. ఆత్మావేశం అనుకునేవాడు కొత్త పాస్టరు బ్రెండన్, పాపం.

ఇందులో ఒక తిరకాసుంది, అది ఏబ్‌కు ఒక్కడికే తెలుసు. గేటు అతను వెయ్యలేదు.

ఆ సాయంత్రం పశువుల్ని తోలి గేటు దగ్గరకు వచ్చేసరికి ఇంటివైపునుంచి రోల్‌కూకెన్ వేగుతున్న వాసన వచ్చింది. ఉబ్బిన పిండివంట నూనెలోంచి తీసిన క్షణాన తినాలి గానీ చల్లారితే తోలుముక్క. గొలుసు తర్వాత తగిలిద్దాంలే అనుకుని పరుగెత్తాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. మొదటిరోజు ఒప్పుకుని ఉంటే నవ్వులాటగా పోయేది. ఒప్పుకోలేదు. ఒకసారి అబద్ధమాడాక దానికి కాపలా కాయాలి కదా! అన్న ఎదురుపడితే దారి మార్చాడు, ఇంటికొస్తే వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు, ఫోను మోగితే తియ్యలేదు. వారంవారం సర్వజ్ఞుడైన దేవుణ్ణే ఆ అబద్ధానికి సాక్షిగా పిలిచాడు. ఆ సాక్షి ఏనాడైనా నోరు విప్పితే తన గతేమిటని రాత్రిళ్ళు భయపడేవాడు కూడా.

జూన్ మొదటి బుధవారం, ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు కార్నీ లేచి, "పొలం అమ్మేశాను. వచ్చే శుక్రవారం కెలోనాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా. దారిలో క్షేమం కోసం ప్రార్థించండి," అన్నాడు.

కెలోనా అంటే కారులో రెండు రోజుల దారి, మధ్యలో పర్వతాలు. ఆ కబురు ఏబ్‌కు నలుగురితోపాటే తెలిసింది. వారమంతా అన్నం సహించలేదు. అన్న వెళ్ళేలోగా చెప్పెయ్యాలి. ఎలా చెప్పాలి? రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. "కడుపులో ఏదో ఉంది నీకు," అంది భార్య నెట్టా. "అజీర్తి," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు.

కార్నీ వెళ్ళేముందు ఆఖరి బుధవారం వచ్చింది. గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించడం బ్రెండన్ పాస్టరు తెచ్చిన పద్ధతి. పైకి ప్రార్థించడం ఇష్టం లేనివాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి నొక్కితే చాలు, వంతు వాళ్ళకు వెళ్ళిపోతుంది. అన్నదమ్ములు ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడేవాళ్ళు, గురి బాగా కుదురుతుందని. ఆ రోజు నెట్టా ఏబ్‌ను లాక్కొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది. ఆమెకు అటుపక్కన కార్నీ ఉన్నాడని ఏబ్ గమనించేలోపే పాస్టరు కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, కాఫీ పొంగుతోంది!" అని నెట్టా రెండు చేతులూ వదిలించుకుని వంటగదిలోకి పోయింది. అది కరెంటు కాఫీ డ్రమ్ము, పొంగి ఎరగదు.

మధ్యలో ఖాళీ మిగిలింది. గుండ్రం తెగకూడదు. ఏబ్ చెయ్యి చాపాడు. కార్నీ చెయ్యి తగిలింది. గరుకుగా, చల్లగా ఉంది. మూడేళ్ళలో ఇంత పలచబడిందేమిటి అనుకున్నాడు ఏబ్.

ప్రార్థన గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. ఒకరు వాన అడిగారు, ఒకరు మనవడి పరీక్షలు అడిగారు. ఏబ్ వంతు వచ్చింది. గదంతా చెవులు రిక్కించింది. ఆఖరి ఆట కదా!

ఏబ్ అన్న చెయ్యి నొక్కాడు.

కార్నీ తన అటుపక్కనున్న బర్గెన్ మామ్మ చెయ్యి నొక్కాలి, లేదా ప్రార్థించాలి. రెండూ చెయ్యలేదు. ఏబ్ చేతినే తిరిగి నొక్కాడు.

ఏబ్ మళ్ళీ నొక్కాడు. కార్నీ మళ్ళీ నొక్కాడు, ఈసారి కొంచెం గట్టిగా. ఏబ్ వేళ్ళు విరిగేలా నొక్కాడు. కార్నీ అంతకు రెండింతలు. వంతు తనదాకా రాకపోతే బర్గెన్ మామ్మ ఆగలేక ఒక కన్ను తెరిచింది. ఇద్దరు ముసలాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని, మొహాలు ఎర్రబడిపోయి, పాలు పితుకుతున్నట్టు ఒకరి చెయ్యి ఒకరు పిసుకుతున్నారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పాస్టరు చదువుకున్న చదువులో లేదు.

"పరలోకమందున్న తండ్రీ," అన్నాడు ఏబ్ చివరికి. అక్కడితో ఆగిపోయాడు. ఆయనకు కొత్తగా చెప్పడానికేముంది? ఆయనకు తెలియనిదా? తెలియాల్సిన మనిషి చెయ్యి తన చేతిలో ఉంది.

కళ్ళు తెరిచాడు.

"అన్నయ్యా."

ఇరవై మంది ఒక్కసారి కళ్ళు తెరిచారు. ప్రార్థన మధ్యలో మనిషితో మాట్లాడినవాడు ఆ గదిలో ఇంతవరకూ లేడు.

"అన్నయ్యా, గేటు వేసింది నేను కాదు. అంటే, వెయ్యనేలేదు. రోల్‌కూకెన్ వాసనొచ్చింది. చల్లారిపోతాయని పరిగెత్తాను."

కార్నీ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. "తెలుసు," అన్నాడు.

"తెలుసా!"

"గొలుసు మేకుకి వేలాడుతూ ఉంది కదరా, ఆ పొద్దున్నే చూశా. నీ ఆవులేమైనా గొలుసు విప్పి పద్ధతిగా మేకుకి తగిలిస్తాయా?"

"మరి మూడేళ్ళబట్టీ ఈ మాటలన్నీ దేనికి? తెలిసి కూడా వారంవారం నన్నలా ఆడిపోసుకున్నావే!"

కార్నీ కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి, కానీ గొంతు మాత్రం కసిరినట్టే ఉంది.

"ఇంటికొస్తే వెనక గుమ్మంలోంచి పోతివి. ఫోను తియ్యకపోతివి. నేను దేవుడికి ఒక మాట చెబితే నువ్వు రెండు అప్పజెప్పేవాడివి, ఆ మాత్రమైనా నీ గొంతు వినబడేది. లేకపోతే ఈ మోకాళ్ళ నొప్పులతో పధ్నాలుగు మెట్లు దిగి, బర్గెన్ మామ్మ దగ్గు వినడానికొచ్చాననుకున్నావురా?"

"నాకేం దగ్గు లేదు," అంది బర్గెన్ మామ్మ. ఎవరూ పట్టించుకోలేదు.

ఏబ్ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ముక్కు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు, భుజానికేసి రాసుకున్నాడు.

"శుక్రవారం ఎన్నింటికి?" అన్నాడు.

"ఆరింటికి."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే. తోడెవరొస్తారు?"

"పర్వతాల్లో ఆ కళ్ళతో నువ్వు నడుపుతావా? నేనొస్తా. బస్సులో తిరిగొచ్చేస్తాలే."

"నువ్వా? కారు తలుపైనా వేస్తావా, అదీ తెరిచే ఉంచుతావా?"

"నోరు మూసుకో అన్నయ్యా. నీ పాత కథలు రెండు రోజులు వినాలంటే నాకే భయంగా ఉంది."

వంటగది గుమ్మంలో నెట్టా ఏప్రన్‌తో కళ్ళొత్తుకుంటోంది. మూడేళ్ళుగా ఆడిన ఆట ఇలా ముగిసినందుకు కొందరికి కాస్త దిగులుగా కూడా ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి.

ఇంక ముగించడం తన బాధ్యత అని బ్రెండన్ పాస్టరుకు తోచింది. గొంతు సవరించుకుని ఆమెన్ అనడానికి నోరు తెరిచాడు. ఆమెన్ అంటే అందరూ చేతులు వదిలెయ్యాలి. బర్గెన్ మామ్మ ఆయన కాలు తొక్కింది.